గోడకు మేత వేయరాదు

నివాసం, 1వ రోజు

నా పేరు పత్తికొండ రుక్మిణి. ప్రభుత్వ కాంట్రాక్టు వివాదాల ట్రిబ్యునల్లో న్యాయమూర్తిని. సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. ఏ నిర్మాణం మీద తగాదా వస్తే ఆ నిర్మాణం నీడలోనే తీర్పు చెప్పేదాకా జడ్జి కాపురముండాలని చట్టం తెచ్చి పద్దెనిమిదేళ్లయింది. రోజూ ఇలా దినచర్య కూడా రాసి రిజిస్ట్రీకి పంపాలి. కేసులు తొందరగా తెములుతాయని తెచ్చారట. ఆ చట్టం రాసిన మహానుభావుడెవరో గానీ, నేను కిందటేడు కాపురమున్న సొరంగంలో ఆయన్ని నాలుగు నెలలు కూర్చోబెట్టాలి. అక్కడ పట్టిన దగ్గు ఇంకా వదల్లేదు.

ఈసారి సముద్రపు గోడ. ఊరు తీగలపాలెం, రెండొందల పన్నెండు ఇళ్లు. నేను మెట్టనేలలో పుట్టినదాన్ని. మాకు నీళ్లంటే బిందెలో ఉండేవి. ఇక్కడ గోడకు ఇరవై అడుగుల దూరంలో మేడ ఇల్లిచ్చారు. గోడ అవతల రోజంతా ఆ హోరే.

ఈ గోడ ప్రాణమున్నది. పెంకుపురుగుల్ని పెంచి, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయేట్టు చేశారు. మేత వేస్తే పెరుగుతుంది. వేయకపోతే తన ఒంట్లోదే తిని కుంగుతుంది. కంపెనీ ఆరు మీటర్లు పెంచి తీర రక్షణ శాఖకు అప్పగించింది. తర్వాత మేత ఎవరు వేయాలన్నది తగాదా. ఇన్నాళ్లూ కంపెనీ వదిలిపోయిన బస్తాలతో నెట్టుకొచ్చారు. నూట పన్నెండు పేజీల ఒప్పందంలో గోడకు పూసే రంగు గురించి నాలుగు పేజీలున్నాయి. మేత అన్న మాట ఒక్కచోటా లేదు.

ఎప్పటిలాగే మొదటిరోజే యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చేశాను. తీర్పు వచ్చేదాకా గోడను ఎవరూ తాకరాదు, కత్తిరించరాదు, మేత వేయరాదు. సాక్ష్యం చెడకూడదు కదా. నా బెంచి క్లర్కు తాతాజీ గారు టైపు చేసి, ఒక కాపీ గోడకే అంటించి వచ్చారు.

నివాసం, 6వ రోజు

మంచినీళ్లు ఉదయం ఒక గంట వస్తాయి. మిగతావన్నీ సముద్రం వడగట్టిన నీళ్లే. ఉతికిన చీర ఆరేస్తే అప్పడంలా బిగుస్తుంది. సబ్బు నురగ రాదు. పప్పు ఉడకదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇద్దరు వకీళ్లు.

గోడ చచ్చుగా పెరిగింది కాబట్టే మేత అడుగుతోందని గవర్నమెంటు ప్లీడరు. బ్రహ్మాండంగా పెరిగింది కాబట్టే అడుగుతోందని కంపెనీ వకీలు. దొందూ దొందే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కారులో భోజనానికి వెళ్లారు.

పక్కింటావిడ ధనకొండ చేపలు ఎండబెట్టుకుంటుంది. కోర్టుకు కావలసిన మంచినీళ్లు ఆవిడే మోసుకొచ్చి ఇస్తోంది. ఈరోజు బిందె దింపి, గుమ్మంలోనే నిలబడింది.

"జడ్జిగారండీ, మా గోడ నీరసపడిపోతందండి. మీరొచ్చిన కాణ్ణించీ మేతాపేశారు."

"కోర్టులో ఉన్న విషయం నాతో మాట్లాడకూడదమ్మా."

"మీతో కాపోతే ఎవరితో మాట్టాడాలండీ? ఆ గోడతోనా?"

నేను తలుపేసుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను కూడా. అలా అనుకున్నట్టు రాయకపోతే ఇది దినచర్య కాదు.

నివాసం, 14వ రోజు

శాఖ తరఫున ఏఈ నిరంజన్ కొలతల పుస్తకం దాఖలు చేశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. పద్నాలుగు రోజులు, పద్నాలుగు కొలతలు. అన్నీ ఆరు మీటర్లే. గోడ రవ్వంత కూడా కుంగలేదని గవర్నమెంటు ప్లీడరు బల్ల గుద్దాడు. మరి కుంగకపోతే మేత దేనికని నేను అడిగితే, అదే మా వాదన కూడానండీ అన్నాడు. తల పగిలిపోయింది. అమృతాంజనం రాసుకుని పడుకున్నాను.

నివాసం, 22వ రోజు

ఉదయం మేడ మీది వంటింట్లో కాఫీ కలుపుతుంటే కిటికీలోంచి సముద్రం కనిపించింది.

మొన్నటిదాకా అక్కడ గోడ, దాని పైన ఆకాశం తప్ప ఏమీ కనిపించేవి కావు. ఈరోజు ఆ రెండింటి మధ్యా బొటనవేలు మందాన నీలిగీత. కాఫీ చల్లారిపోయింది. తాతాజీ గారిని పిలిచాను.

"తాతాజీ గారూ, ఆ గీత ఏమిటి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. "సముద్రమేనండి," అన్నారు.

"ఆరు మీటర్ల గోడ పైనుంచి ఎలా కనిపిస్తోంది?"

"కనిపించకూడదండి," అని ఒప్పుకున్నారు పాపం.

నిరంజన్‌ని పిలిపించి, నా కళ్లముందు కొలవమన్నాను. అతను గోడ దగ్గరికి వెళ్లి తలెత్తి చూసి, పుస్తకంలో 6.00 అని రాసుకున్నాడు. అంతే! అప్పుడు చూశాను. కొలబద్ద గోడమీదే పెయింటుతో గీసి ఉంది. పాదం దగ్గర సున్నా, కొసన ఆరు. గోడ కుంగితే గీతలూ దానితోపాటే దగ్గరదగ్గరగా కుంగుతాయి. ఈ గోడ నడుం దాకా కుంగినా కొసన ఆరే ఉంటుంది!

"ఏమయ్యా, దీన్ని ఎవరు గీశారు?"

"నేనే మేడమ్. ప్రతిసారీ నిచ్చెనెక్కి టేపు పట్టాలంటే కష్టంగా ఉందని..." అన్నాడు. ఆ మొహంలో రవ్వంత కపటం లేదు. అదే నాకు ఇంకా ఒళ్లు మండించింది.

నిచ్చెన తెప్పించాను. తాతాజీ గారు తన వయసు కూడా చూసుకోకుండా ఎక్కి టేపు వదిలారు. ఐదు మీటర్ల ముప్పై నాలుగు. రోజుకు మూడు సెంటీమీటర్ల చొప్పున కుంగుతోంది. కార్తీక పౌర్ణమి పోటు ఐదు మీటర్ల నలభై వస్తుందని సముద్ర సూచన. పౌర్ణమి ఇంకా పద్నాలుగు రోజుల్లో ఉంది.

నివాసం, 24వ రోజు

ఇద్దరు వకీళ్లనూ కూర్చోబెట్టి మామూలు మనిషిలా చెప్పాను. "బాబూ, పోటు వస్తే ఈ పాలెం మునుగుతుంది. వెనక్కి జరుగుదామంటే అటు ఉప్పుకయ్య, అడుగు పెడితే దిగబడే బురద. తగాదా తర్వాత చూసుకుందాం. మేత వేయడానికి ఇద్దరూ సరేనంటే నా ఉత్తర్వు సవరిస్తాను."

కంపెనీ వకీలు గొంతు సవరించుకున్నాడు. "మేం వేస్తే బాధ్యత మాదేనని ఒప్పుకున్నట్టవుతుందండి."

"మేం వెయ్యనిస్తే గోడలో లోపం కప్పిపుచ్చినట్టవుతుంది," అన్నాడు గవర్నమెంటు ప్లీడరు.

"ఇళ్లు మునిగితే?"

"దానికి వేరే కేసు వేసుకోవచ్చండి," అన్నారిద్దరూ ఒకేసారి. ఇన్నాళ్లలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికొచ్చిన మాట ఇదొక్కటే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!

కొత్త సంగతి బయటపడిందని చూపి ఉత్తర్వు మార్చవచ్చా అని రిజిస్ట్రీని అడిగాను. రిజిస్ట్రీ మనిషి కాదు, యంత్రం; గొంతు మాత్రం మా పెద్దమ్మలా ఉంటుంది. "కొలతల పుస్తకం ప్రకారం గోడ ఆరు మీటర్లుంది. కొత్త సంగతి ఏదీ నమోదు కాలేదు," అంది. పుస్తకం తప్పని తేల్చడానికి కమిటీ వేయాలట. నలభై ఐదు రోజులు పడుతుందట.

నివాసం, 27వ రోజు

ఈరోజు ఇద్దరు వకీళ్లూ కలిసి ఒకే పిటిషన్ వేశారు. ధనకొండ మీద కోర్టు ధిక్కారం. మధ్యాహ్నం కాపలావాడు అన్నానికి వెళ్లినప్పుడు తన ఇంటికెదురుగా ఉన్న గోడకు బకెట్లతో మేత పోస్తోందట. ఎగిరే కెమెరాకు చిక్కింది.

"ఏం పోశావమ్మా?"

"గంజండి. చేపముళ్లు మరగబెట్టిన నీళ్లండి. కూసింత సున్నం. గేదెకి కుడితి పెట్టమా అండి? అలాగే."

"కోర్టు ఉత్తర్వు ఉందని తెలుసా?"

"తెలవకపోడమేంటండి? కాయితం గోడకే అంటించారు గదా. అంటించిన్నాడు నా కళ్లకెదురుగా ఉండేదండి. ఇప్పుడు మెడకిందకొచ్చేసింది. ఇంకొన్నాళ్లుంటే మోకాళ్ల మీద కూకుని చదవాలి మీ ఆర్డరు."

వకీళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"మరి ఎందుకు పోశావు?" అన్నాను. అడగవలసిన ప్రశ్న కాదు. జవాబు నాకు తెలుసు.

"మా చిన్నమ్మాయికి ఏడో నెలండి. పోటొస్తే దాన్నెక్కడికి మొయ్యను? గోడకి నోరు లేదు, పిటిషనెయ్యలేదు. మీకు నోరుంది గదండీ, తమరైనా ఓ మాట..."

వాయిదా వేశాను. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. శాఖ మీదా? కంపెనీ మీదా? తూర్పు తిరిగి దండం పెట్టవలసిన ఆ నిరంజన్ మీదా? తిలాపాపం తలా పిడికెడు. కానీ మేత ఆపిన సంతకం నాది.

నివాసం, 29వ రోజు

పొద్దున్నే ఉత్తర్వు రద్దు చేయడానికి కూర్చున్నాను. రిజిస్ట్రీ కారణం అడిగింది. నాలుగే కారణాలట. ఇరుపక్షాల అంగీకారం, అది లేదు. కొత్త సంగతి, దాన్ని కొలతల పుస్తకం మింగేసింది. మిగిలినవి గుమస్తా పొరపాటు, న్యాయమూర్తి పొరపాటు.

గుమస్తా పొరపాటైతే ఏ చిక్కూ లేదు. ఉత్తర్వు అప్పటికప్పుడు పోతుంది, నేను కేసులో ఉంటాను. న్యాయమూర్తి పొరపాటు అంటే నన్ను కేసులోంచి తీసేస్తారు, వేరే జడ్జి వస్తారు. ప్రధాన బెంచికి పదోన్నతి జాబితాలో రెండో పేరు నాది, అది కొట్టేస్తారు. ఆ తర్వాత రికార్డు గదిలో కూర్చుని పాత ఫైళ్లకు నంబర్లు వేసుకోవాలి.

తాతాజీ గారు టీ తెచ్చి బల్లమీద పెట్టారు. తెరమీద ఉన్నది చదివారు.

"నా పొరపాటని పెట్టేయండమ్మా," అన్నారు.

"మీరేం చేశారు? నేను చెప్పింది టైపు చేశారు."

"ఇంకో రెండేళ్ల సర్వీసండి. ఇంక్రిమెంటాపుతారు, అంతేగా. ఫర్వాలేదండి, మాకలవాటే."

మాకలవాటే! ఆ మాట చెంప మీద పడింది. ముప్పై ఒక్క ఏళ్లలో నా ఉత్తర్వు ఒక్కటీ తిరగబడలేదని సన్మాన పత్రాల్లో రాశారు. ఎందుకు తిరగబడుతుంది? నా సర్వీసులో మూడు గుమస్తా పొరపాట్లున్నాయి. మూడూ నావే. ముగ్గురు మనుషులు ఇలాగే టీ తెచ్చిపెట్టి, ఇలాగే అన్నారు. నేను సరేనన్నాను. వాళ్లలో ఒకాయన పేరు కూడా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. సిగ్గేసింది.

"మీరు నోరు మూసుకుని అటు కూర్చోండి తాతాజీ గారూ!" అని అరిచాను. పాపం, ఆయన కూర్చున్నారు.

న్యాయమూర్తి పొరపాటు అన్నాను. రిజిస్ట్రీ మూడుసార్లు అడిగింది, ఖాయమా అని. మూడోసారి అడిగినప్పుడు నా గొంతు ఎంత లేచిందంటే ధనకొండ తన ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఎలాగూ వచ్చింది కదా అని గంజి ఉందా అని అడిగాను.

గోడ ఈరోజు ఐదు మీటర్ల పదమూడు. కంపెనీ మేత ఒక్క బస్తా కూడా ఇవ్వనంది. మధ్యాహ్నానికల్లా పాలెం మొత్తం పొయ్యిలు వెలిగించింది. ప్రతి ఇంటి ముందూ చేపముళ్లు మరుగుతున్నాయి. కంపు భరించలేం.

నివాసం, 32వ రోజు

రోజుకు ఐదు సెంటీమీటర్లు పెరుగుతోంది. ఐదు మీటర్ల ఇరవై ఎనిమిది. తాతాజీ గారు నిచ్చెన దిగడం లేదు. నిరంజన్ సిగ్గుపడుతూ వచ్చి ఆ పెయింటు గీతలు చెరిపేస్తానన్నాడు. గోకితే పురుగులకు దెబ్బ తగులుతుంది, నీ చేయి తీసెయ్యి నాయనా అన్నాను. పౌర్ణమి దాకా ఇలాగే పోస్తే గోడ పోటు కన్నా ఓ బెత్తెడు పైన ఉంటుంది. ఒక్కరోజు ఆగినా ఉండదు.

నివాసం, 33వ రోజు

నా స్థానంలో వేమవరపు చలపతిని వేశారు. మంచిదే అనుకున్నాను. నా దగ్గరే ఆరేళ్లు పనిచేశాడు, బుద్ధిమంతుడు.

మధ్యాహ్నం అతని మొదటి ఉత్తర్వు వచ్చింది. తాతాజీ గారు గోడ ముందు నిలబడి చదివారు. తీర్పు వచ్చేదాకా గోడను ఎవరూ తాకరాదు, కత్తిరించరాదు, మేత వేయరాదు.

ఫోన్ చేశాను.

"చలపతీ, బుద్ధుందా నీకు? మూడు రోజుల్లో పోటు!"

"అమ్మా, కోప్పడకండి. కొలతల పుస్తకం ఆరు మీటర్లంటోంది. మీరు పోయించే మేతతో సాక్ష్యం మారిపోతోందని రెండు పక్షాలూ పిటిషన్ పెట్టాయి."

"నువ్వొచ్చి నీ కళ్లతో చూడు. కాపురముండాలి కదా ఇక్కడ!"

"ఉప్పుగాలి పడదని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడమ్మా. పౌర్ణమి వెళ్లాక వస్తాను."

"పౌర్ణమి వెళ్లాకా!"

"అమ్మా, మీరు నేర్పిందే కదా. మొదటిరోజే యథాతథ స్థితి ఇచ్చెయ్యి, తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు అనేవారు."

అన్నాను. ఆ మాటే అన్నాను. జూనియర్లందరికీ అదే చెప్పేదాన్ని, టీ తాగుతూ, నవ్వుతూ.

బయటికొస్తే పాలెం అంతా బకెట్లతో నిలబడి ఉంది. ఒక్కరూ పోయడం లేదు. చుట్టూ పొగ, కంపు. ధనకొండ ముందుకొచ్చింది.

"ఏం చెయ్యమంటారండి?"

"నేనిప్పుడు జడ్జిని కాదమ్మా. చెయ్యమని చెప్పే అధికారం నాకు లేదు."

"మరైతే?"

ఆవిడ చేతిలో బకెట్ లాక్కుని గోడకు పోశాను. కొంత గోడమీద పడింది, కొంత నా చీర మీద. ఎగిరే కెమెరా నా నెత్తిమీదికొచ్చి ఆగింది. నా పేరూ, వయసూ, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. వీళ్లు పోసేదంతా నా మాట మీదే పోస్తున్నారని కూడా చెప్పాను. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఎవరి బకెట్లోనూ చుక్క మిగల్లేదు.

36వ రోజు

ఇక రిజిస్ట్రీకి పంపేదేమీ లేదు. ఇది నా సొంత నోటుబుక్కు.

పోటు పొద్దున పదిన్నరకు వచ్చింది. గోడ ఐదు మీటర్ల నలభై ఎనిమిది. పాలెంలో ముసలీ ముతకా అందరూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. ధనకొండ చిన్నమ్మాయి పొట్ట పట్టుకుని మంచం మీద కూర్చుంది. తాతాజీ గారు నిచ్చెన మీంచి కేకేశారు, నాలుగు వేళ్ల దూరం అని. కాసేపటికి మూడు వేళ్లు. పన్నెండింటికి మళ్లీ నాలుగు వేళ్లు అన్నారు. అలల తుంపర్లు ఇళ్లలోకి వచ్చాయి, తొలివరుస కప్పులు రెండు లేచిపోయాయి. నీళ్లు మాత్రం రాలేదు.

41వ రోజు

చలపతి నిన్న వచ్చి నేనున్న ఇంట్లో దిగాడు. నేను ధనకొండ అరుగు మీదకు మారాను. ఈరోజు నా మీద ధిక్కారం కేసు విచారణ. మొదటి ముద్దాయిని నేను. నేరం ఒప్పుకుంటున్నాను అని చెప్పేసి, ఇక ఐదు నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను.

అబ్బే! సాక్షులున్నారట. పాలెం మొత్తం వరసలో నిలబడింది. మొదట ధనకొండ.

"ఈవిడ గోడకు మేత పోయడం చూశావా?" అన్నాడు గవర్నమెంటు ప్లీడరు.

"పోద్దామని వచ్చేవారండి. మొయ్యలేకపోయేవారు. గోడకాడికి తెచ్చేలోపలే మొత్తం ఒలకబోసేసేవారండి."

"కెమెరాలో ఉంది కదా?"

"అది ఆవిడ చీర తడుపుకుంటందండి. మేతెక్కడ పడిందీ? గోడ ఒక్క సుక్క తాగలేదండి ఆవిడ చేత్తో."

తర్వాత వచ్చినవాళ్లంతా ఇదే పాట. ఆవిడకు నడుంనొప్పండి. ఆవిడ బకెట్లో ఉన్నది ఉత్త నీళ్లండి. ఆవిడేం చెప్పలేదండి, మా అంతట మేమే పోశాం, కావాలంటే మమ్మల్నందర్నీ రాసుకోండి. చివరికి తాతాజీ గారు కూడా! సత్యం పలుకుతానని ప్రమాణం చేసి, పెద్దమనిషి, మా మేడమ్ గారు బకెట్ పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదండి అన్నారు.

లేచి నిలబడ్డాను. "అబ్జెక్షన్! ఇవన్నీ అబద్ధాలు!"

చలపతి నా మొహంకేసి చూడలేక కాగితాలకేసి చూస్తున్నాడు. "మీకు అనుకూలంగా చెప్పే సాక్ష్యానికి మీరే అభ్యంతరం చెప్పకూడదమ్మా. కూర్చోండి."

"కూర్చోను! మూడు రోజుల్లో నలభై ఒక్క బకెట్లు పోశాను. ఒలికింది తీసేస్తే ముప్పై పైచిలుకు గోడకే పడ్డాయి. రాసుకో చలపతీ. జడ్జిగా ముప్పై ఒక్క ఏళ్లు నేనేం రాశానో నీకు తెలుసు. ఆ బకెట్లు మాత్రం నేనే పోశాను!"

ధనకొండ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. వెనక ఎవరో అననే అన్నారు, "ఆవిడ మాట నమ్మకండి బాబూ, ఆవిడకు లెక్క సరిగా రాదు."